ఏడు ఎర్ర రాళ్లు

టైలరమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో వంగి రాయి తిప్పింది. రాయి అడుగున నాలుగు పురుగులు!

అల్లాటప్పా పురుగులు కావు. మూడు తోకలవి. నీళ్లు శుభ్రంగా ఉంటే తప్ప బతకని మహా సుకుమారాలు. వాటికోసమే వీధి జనం మూడేళ్లుగా వాగులో చెత్త ఎత్తారు, గట్ల మీద గడ్డి నాటారు, మురుగు గొట్టాలు మళ్లించమని ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. రేపే తనిఖీ. గుర్తుగా ఎర్ర రంగు వేసిన ఏడు రాళ్ల కింద ఈ పురుగులు కనిపిస్తే వాగు బతికినట్టు. లేకపోతే దాని మీద స్లాబు పోసి రోడ్డు వేస్తారు.

ఏడు రాళ్లూ తిప్పింది. అన్నింటి కిందా ఉన్నాయి. గట్టు మీద ఈలలే ఈలలు. పాలాయన చెప్పులతోనే నీళ్లలోకి దిగిపోయాడు.

సంతోషం పట్టలేక టైలరమ్మ పక్కనున్న మామూలు రాయి కూడా తిప్పింది. ఏమీ లేదు. ఇంకోటి. ఏమీ లేదు. పదిహేను రాళ్లు తిప్పేసరికి ఆమె మొహంలో కళ తప్పింది. రంగు చూసుకుని కాపురం పెట్టే పురుగులు ఎక్కడైనా ఉంటాయా? ఎవరో తెచ్చి, లెక్కపెట్టే రాళ్ల కిందే వదిలారు.

ఎవరో ఏమిటి, తన మరిదే. గట్టు మీద సెలూన్ అతనిదే. స్లాబు పడితే మొదట లేచిపోయేది ఆ కొట్టే.

కుర్చీలో ఉన్నాయన గడ్డం చేయించుకుని వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఆ పురుగుల్ని తెచ్చింది నువ్వేనా?"

"బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కేవాణ్ణి, నేనా పురుగుల్ని తెచ్చేది?" నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి అతని నవ్వూ ఆగింది. "నిజంగానే నా మీద అనుమానమా వదినా?"

"నీకు కాక ఇంకెవరికి అవసరం?"

అతను అటు తిరిగి దువ్వెనలు కడుక్కుంటూ ఉండిపోయాడు.

ఆరోజు టైలరమ్మ ఒక చొక్కాకి రెండు చేతులూ కుడివే కుట్టింది. నోరు మూసుకుంటే వాగు దక్కుతుంది, మరిది కొట్టు దక్కుతుంది. కానీ పైన ఎక్కడో ఇంకా మురుగు కలుస్తూనే ఉంది. అంతా బాగుందని కాగితం మీద పడితే ఇక దాన్ని వెతికే నాథుడు ఉండడు. పిల్లలేమో ధైర్యంగా ఆ నీళ్లలోకే దిగుతారు.

మర్నాడు వాగు తనిఖీకి ఇన్‌స్పెక్టర్, పెద్ద ఇంజనీరుని వెంటబెట్టుకుని వచ్చాడు. మూడేళ్లుగా నలుసునైనా భూతద్దం పెట్టి చూసే మనిషి, రెండే రెండు రాళ్లు తిప్పి, "బాగుంది సార్, సంతకం పెట్టేయండి" అన్నాడు.

"మిగతావో?" అన్నాడు ఇంజనీరు.

"అవీ ఇంతే సార్."

టైలరమ్మకి ఒళ్లు మండింది. ఇంత పనినీ ఇలా తూతూమంత్రంగా కానిచ్చేస్తాడా!

"సార్, ఒక్క మాట..."

"తర్వాత చెబుదురుగాని అమ్మా," ఇన్‌స్పెక్టర్ అడ్డం పడ్డాడు. "ముందు సంతకం కానివ్వండి."

"తర్వాత కాదు. ఇవి మన వాగు పురుగులు కావు సార్. రంగు లేని రాయి తిప్పి చూడండి, ఒక్కటి ఉంటే ఒట్టు. ఎవరో తెచ్చి వదిలారు."

ఇంజనీరు తానే ప్యాంటు మడిచి దిగాడు. ఒక రాయి తిప్పాడు. మరోటి తిప్పాడు. చేతులు కడుక్కున్నాడు.

"స్లాబుకి రాసెయ్యండి," అని కారు వైపు నడిచాడు.

మరిది సెలూన్ గుమ్మంలోంచి చూస్తున్నాడు. అతని వైపు తలెత్తలేక టైలరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది.

"మా మరిదిని ఏమీ అనకండి సార్," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "కొట్టు పోతుందన్న భయంతో చేశాడు."

ఇన్‌స్పెక్టర్ నీళ్లలోనే నిలబడిపోయాడు.

"మీ మరిదికేం తెలుసమ్మా," అన్నాడు మెల్లగా, "మీ మూడేళ్ల కష్టం నీళ్లపాలు కాకూడదని మొన్న కొండవాగులో పొద్దున్నంతా ఏరి, వాటిని తెచ్చి ఆ ఏడు రాళ్ల కిందా వదిలింది నేను."