దుమ్ము ఫోటో

"దగ్గొద్దమ్మా! నువ్వు కదిలితే గాలి సుడి చెదిరిపోతుంది," కెమెరా వెనక నుంచి సార్ అరిచినాడు.

హుసేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆదోని జిన్నింగు మిల్లులో కొత్త మిషన్ ముందర, పత్తి ఎత్తిపోసే జాగాలో నిలబడీ నిలబడీ ఆమె రొమ్మంతా దూది పట్టిపోయింది. "ఊపిరాడ్తా లేదప్పా, నన్ను బయట షెడ్డుకు మార్చు" అని ఎంత మొత్తుకున్నా ఓనరు మహేంద్ర చెవిన పెట్టలేదు. మొన్న దగ్గు ముదిరి ఆమె వారం పనికి రాకపోయేసరికి మాత్రం ఆయనే కంగారుపడి గాలి తిరుగుడును ఫోటో తీసే ఈ సార్‌ను బెంగళూరు నుంచి పిలిపించినాడు. సైన్సు ఏసీ కారులో దిగింది.

సార్ వస్తున్నాడని మిల్లంతా ఊడ్పించినారు. మిల్లు పెట్టినాక ఇదే మొదటిసారి. తీరా పచ్చ లేజరు లైటు వేస్తే ఏమీ కనపడలేదు.

"గాలి ఎలా తిరుగుతోందో తెలియాలంటే అందులో దుమ్ముండాలండీ. ఉత్త గాలిని ఫోటో ఎలా తీస్తాం?" అన్నాడు సార్.

ఊడ్చిన దుమ్మును ఆడోళ్లే మళ్లీ గంపలతో తెచ్చినారు. "అక్షింతలు ఏసినట్టు ఏయండ్రి!" అని మేనేజరు గిడ్డయ్య అజమాయిషీ.

"దగ్గు తగ్గించేకి దుమ్ము సల్లాల్నంట! ఏం సదువులో ఏమో," ఈశ్వరి గంప కుమ్మరిస్తూ నవ్వింది.

తెర మీద బొమ్మ పడింది. కొత్త మిషన్ ముందర నిలబడిన హుసేనమ్మ చుట్టూ దుమ్ము గిర్రున తిరుగుతోంది. తిరిగి తిరిగి ఆమె ముక్కు కాడనే గూడు కట్టుకుంటోంది.

"సూసినావా అప్పా? నేను సెప్తే నమ్మితివా?" హుసేనమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"అయ్యో, పాపం తల్లీ! సార్, ఆమె పక్కకు జరిగితే ఎట్లుంటాదో అదీ తీయండి," అన్నాడు మహేంద్ర.

ఆమె జరిగింది. రెండో బొమ్మను మహేంద్ర రెప్ప వేయకుండా చూసినాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గిడ్డయ్యా! ఈ పొద్దు నుంచి హుసేనమ్మకు నౌకరీ పర్మినెంటు. జీతం కూడా పెంచు!"

అందరూ చప్పట్లు కొట్టినారు. "ఇన్నాళ్లకు మా అక్క కష్టం కండ్లబడింది," ఈశ్వరి కండ్లు తుడుచుకుంది.

హుసేనమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "సల్లగుండప్పా! అయితే రేపట్నుంచి బయట షెడ్డుకు పోదునా?"

"బయటికా?" మహేంద్ర అదిరిపడినాడు. "ఆడ్నించి జానెడు కూడా కదలొద్దు తల్లీ!"

ఆమె అర్థంకాక సార్ వైపు చూసింది. సార్ వైర్లు చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పినాడు.

"మీరు పక్కకు జరిగితే దుమ్మంతా మిషన్‌లోకి పోతోందమ్మా."