ఎండ పడని గల్లీ

డానియేలు ముచ్చటగా పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ అనే గడ్డం తొండపిల్లకు పొద్దున్నే కాళ్లు వణకసాగాయి. దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, భార్య సోనీతో పశువుల డాక్టరు కోసం ఫలక్‌నుమా అంతా తిరిగాడు.

"కుక్కలు, పిల్లులే చూస్తం భాయ్," అన్నారు ఒకచోట. "తొండకు డాక్టరేంది?" అని నవ్వారు ఇంకోచోట.

"దాని పానం పోతుంటే నవ్వుతరేంది?" అని డానియేలు మండిపడ్డాడు.

చివరికి మలక్‌పేటలో ఒక డాక్టరమ్మ దాని నోట్లో మందుచుక్కలు వేసింది. కాసేపటికి వణుకు తగ్గింది.

"దీనికి కాల్షియం తక్కువైంది. మీ ఇంట్లో ఎండ పడదా?"

"మా గల్లీల మాకే ఎండ రాదు మేడం," డానియేలు విసుక్కున్నాడు.

"గందుకేనా మేడం, ఏడాది సంది నా కాళ్లు గుంజుతున్నయి?" సోనీ మెల్లగా అడిగింది. "ఈయనకు చెప్తే ఇననే ఇనడు."

డానియేలు సోనీ కాళ్ల వైపు చూశాడు. తర్వాత అడిగాడు: "దగ్గర్ల మనుషుల డాక్టరు ఎక్కడున్నడు మేడం?"