ఈ నంబరుకు పంపవద్దు

మెసేజ్ వచ్చేటప్పటికి కమలమ్మ పితికిపప్పు చేస్తూ ఉంది. నానిన అనపగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు గిన్నెలోకి దూకుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. ఈ మధ్య వదులైన గాజులు మాటిమాటికీ అడ్డం వస్తున్నాయి. వాటిని పైకి తోసి, తడిచెయ్యి చీరకు తుడుచుకుని ఫోను తీసింది.

ఆసుపత్రి నుంచి. కన్నడంలో నాలుగే వాక్యాలు. క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక మందులతో ఫలితం ఉండదు. ఇంటికి నర్సు కావాలంటే పేరు నమోదు చేసుకోండి. త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం.

ఆ చివరి వాక్యం ఎవరు చేర్చారో గానీ, వాళ్ళు మొదటి మూడూ చదివి ఉండరు.

కమలమ్మ రెండుసార్లు చదివింది. తలెత్తి వసారాలో కూర్చున్న భర్త వైపు చూసింది. సుబ్బరాయుడి చేతిలో పేపరుంది. అరగంటగా ఒక్క పేజీ తిప్పలేదు.

అయితే ఇదన్నమాట సంగతి. పోయిన నెల కొడుకు అమరనాథ్ ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించాడు. 'ఇద్దరికీ ఏమీ లేదమ్మా, వట్టి గ్యాసు' అన్నాడు. ఆ రోజు నుంచి సుబ్బరాయుడికి అన్నం సహించడం లేదు. మనిషి సగమయ్యాడు. స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని గంటసేపు బయటికి రాడు. చింతామణి నుంచి కూతురు అప్పుడే మూడుసార్లు వచ్చి వెళ్ళింది. కమలమ్మ వంటింట్లోంచి ఇవతలికి వస్తే చాలు, ముగ్గురూ మాట మింగేస్తారు.

ఏడుపు రావాలి కదా. రాలేదు. మిగిలిన గింజలు పితికింది. పులుసు పెట్టింది. అందరికీ వడ్డించింది. ఆ తర్వాతే ఫోను కొడుకు ముందు పెట్టింది.

"మీకు ముందే తెలుసునా?" ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో భర్తను అడిగింది.

ఆయన తలూపి, కె.ఆర్.పురం వంతెన మీద ఆగిపోయిన బస్సుల వైపు ముఖం తిప్పుకున్నాడు.

మేనేజరు గదిని క్షమాపణలు చెప్పడానికే కట్టించినట్టున్నారు. మెత్తటి సోఫా, చేతికందేంత దూరంలో టిష్యూల డబ్బా, గోడమీద నవ్వుతున్న డాక్టర్ల ఫొటో.

"ఆ ఫైలు తీయండి ముందు!" అమరనాథ్ బల్ల మీద కొట్టాడు. "మా అమ్మ నంబరుకు ఏమీ పంపవద్దని ఎర్రపెన్నుతో రాసిచ్చినాను కదా? నెల దినాలు కాపాడుకుంటా వచ్చినాము. ఇంట్లో గట్టిగా మాట్లాడింది కూడా లేదు. ఒక్క మెసేజ్‌తో అంతా మన్నుపాలు చేసినారు!"

"తప్పు మాదే సార్." మేనేజరు గిరీష్ చేతులు జోడించాడు. "పేషెంటు వివరాలు పోకూడని చోటికి పోయినాయి. పంపింది ఈ పిల్ల, కొత్త."

పిల్ల పేరు నవ్య. ఇరవై రెండేళ్ళుంటాయేమో. గోడకు ఆనుకుని, మెడలోని కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడి ఉంది.

"సార్, ఫైల్లో ఉండే మొదటి నంబరుకే పంపాలని మన రూలు..."

గిరీష్ చెయ్యెత్తాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"ఈ పిల్లను ఈ రోజే పనిలోనుంచి తీసేస్తాము సార్. ఫిర్యాదు మాత్రం రాతలో కావాల. మెసేజ్ వచ్చింది అమ్మగారి ఫోనుకు కాబట్టి, అమ్మగారే సంతకం చేయాల."

కాగితం కమలమ్మ ముందుకు జరిగింది. దాని వెంట పెన్ను.

గోళ్ళలో అనపతొక్కల పచ్చదనం ఇంకా పోలేదు. పెన్ను చేతిలోకి తీసుకుంది. పక్కన సుబ్బరాయుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఈ మనిషి నెల రోజులు ఇంత బరువు ఎలా మోశాడు అనుకుంది. కోపమో జాలో ఏదో ఒకటి రావాలి. అదీ రాలేదు.

"ఈ పని పోతే మావాళ్ళు నన్ను ఊరికి తీసుకుపోతారమ్మా," అంది నవ్య. "పెండ్లి చేసి పంపించేస్తారు. ఎంత కష్టం మీద ఒప్పించుకొని వచ్చినానో..."

"చెయ్యిమ్మా సంతకం," అమరనాథ్ తొందరపెట్టాడు. "ఇట్లాంటోళ్ళను ఊరికే వదలకూడదు."

కమలమ్మ పెన్ను మూత పెట్టింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, లేచి వెళ్ళి నవ్య చేతిలో ఉంచింది.

"ఏమ్మా నువ్వు! ఇంత చేసినదాని మీద జాలేందమ్మా?"

"జాలి కాదప్పా," అంది కమలమ్మ. "ఇంతమంది ఉండారు, నా జబ్బు సంగతి నాతో చెప్పింది ఈ పిల్లొక్కతే కదా!"