రెక్కల మీటరు

దసరా పూజ అయినప్పటి నుంచి తమ ఎగిరే ఆటో మీటరులో అంకె మారడం లేదని స్వరూపకు అనుమానం.

రెక్క ఎప్పుడు విరుగుతుందో ఆ మీటరు ముందే చెబుతుంది. ఎగిరిన కొద్దీ అంకె తగ్గాలి. కరీంనగర్‌లో దాన్ని చూడకుండా ఎవరూ ఆటో ఎక్కరు.

"పండుగ సంది గదే అంకె. నీకు డౌటు రాలేదా?" అని భర్తను అడిగింది.

"అమ్మవారి దయ! దాని మీద గూడ అనుమానమేనా?" రాజలింగం నవ్వుతూ బెల్టు పెట్టుకున్నాడు.

"ముందుగాల దిగు."

స్వరూప రెక్కల మొదట్లో తడిమింది. పగుళ్లను కనిపెట్టే గాజు కన్ను అక్కడే ఉంటుంది. దాని మీద పసుపు, కుంకుమ పెచ్చులా ఎండిపోయి ఉన్నాయి. కొంగు తడిపి తుడిచింది. వెంటనే మీటరు ఎర్రబడి అరిచింది: "రెక్కలో పగులు. ఎగరవద్దు."

రాజలింగం ముఖం పాలిపోయింది. కన్ను మూసుకుపోయాక మీటరు చివరిసారి చూసిన అంకెనే చూపిస్తూ వచ్చింది.

"గీ బొట్టు ఎవలు పెట్టిండ్రు?" అని స్వరూప అడిగింది.

"నేనే. స్టాండుల అన్ని ఆటోలకు నేనే పెట్టిన."

ఇద్దరూ ఒకేసారి ఆకాశంలోకి చూశారు. వాళ్ల కూతురు నవ్యశ్రీ అప్పుడే అదే స్టాండులోని పోశం ఆటోలో కాలేజీకి బయలుదేరింది. రాజలింగం పోశానికి ఫోన్ చేశాడు.

"పోశం, జల్ది కిందికి దింపు! ఆ మీటరును నమ్మకు!"

"పొద్దుగాల్నే పరాచికాలా రాజన్నా?" గాలి హోరులో పోశం నవ్వు వినిపించింది. "మీటరు పచ్చగనే ఉన్నది. నీ బిడ్డ అచ్చం తల్లి లెక్కనే. రెండుసార్లు చూసినంకనే ఎక్కింది."