నిండు సభ

మానసిక జబ్బు పడ్డవాళ్లే జనం ముందు నిలబడి దాని గురించి చెప్పాలని బూర్గంపాడు బడిలో పెట్టిన ట్రైనింగు అది. వాలంటీరుగా వచ్చింది టైలరు దస్తగిరి ఒక్కడే.

"ఆ ఖాళీ కుర్చీల్లో నిండా జనం ఉన్నారనుకొని మాట్లాడు," అన్నాడు ట్రైనింగు సారు బసవపున్నయ్య.

దస్తగిరి ఒకడుగు వెనక్కి వేశాడు. "లేనోళ్లు కనపడుతున్నరనే కద సారూ, నాకు దవాఖానల గోలీలిచ్చిండ్రు? వాళ్లు ఇప్పుడిప్పుడే పోయిండ్రు. మళ్ల పిలవమంటరా?"

"భయపడకు. మొదట్లో అందరికీ ఇట్లాగే ఉంటుంది."

తీరా సభ రోజునే రేషన్ షాపుకు కిరసనాయిలు వచ్చింది. ఊరంతా డబ్బాలు పట్టుకొని అటే పోయింది. హాల్లోకి నరపురుగు కూడా రాలేదు.

అయినా బసవపున్నయ్య మైకందుకొని సభకు నమస్కారం పెట్టాడు. ఎవరూ లేరన్న ధైర్యంతో దస్తగిరి తన కథంతా తడబడకుండా చెప్పాడు. మధ్యలో సారు వెనక వరుస వైపు చూసి కసిరాడు: "అమ్మా, ఆ పిల్లాణ్ణి బయటికి తీసుకుపో!"

అంతా అయ్యాక సారు కళ్లు తుడుచుకున్నాడు. "ఎంతమంది ఏడ్చారో చూశావా దస్తగిరీ!"

దస్తగిరి కుర్చీలవైపు ఒకసారి చూశాడు. మైకు ఆపేశాడు. జేబులోంచి గోలీల అట్ట తీసి, ఒకటి తెంపి సారు అరచేతిలో పెట్టాడు.

"భయపడకుండ్రి సారూ. మొదట్ల అందరికీ గిట్లనే ఉంటది."