నీ వెనకే మేమంతా

“ముందు నువ్వు లే. నీ వెనకే మేమంతా లేస్తాం,” అంది జేబక్క, చేతిలో కుట్టు ఆపకుండానే.

“తీరా లేచాక నన్ను నట్టేట ముంచరు కదా?”

“ఛీ, అవేం మాటలే! నలభై రెండు మందిమి. నిన్న చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. ఒక్కదానివే అనుకుంటున్నావా?”

ఆ చొక్కాల ఫ్యాక్టరీ హాల్లో పేర్లతో ఎవరికీ పనిలేదు. ఏ ముక్క కుడితే అదే పిలుపు. కాలర్లు కుట్టే మనిషి కాలరు. పక్క మిషను మీద జేబులు కుట్టే పెద్దావిడ జేబక్క. వెనక వరసలో గుండీల పిన్ని. పిలుపులు వేరు గానీ, అందరి వేళ్ల మీదా సూది దిగిన మచ్చలు ఒకటే, అందరి నడుం నొప్పీ ఒకటే.

హాలుకి ఉన్నది ఒక్కటే తలుపు, వెనకవైపు. పొద్దున అందరూ లోపలికి రాగానే బయట తాళం పడుతుంది. పోయిన వారం ఇస్త్రీ బల్ల దగ్గర వైరు అంటుకుని హాలంతా పొగ కమ్మింది. తాళం తీసేసరికి గుండీల పిన్ని స్పృహ తప్పి పడి ఉంది. ఇప్పటికీ నోరు తెరిస్తే దగ్గే. ఆ మర్నాడే వైరు మార్చారు. తాళం మాత్రం అలాగే ఉంచారు.

“పదకొండు కావస్తోందక్కా. నాకు భయమేస్తోంది,” అంది కాలరు.

వెయ్యదా మరి! ఈ నోటి దురుసుకే ఇంతకుముందు రెండుచోట్ల పని పోయింది. ఇక్కడా పోతే ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీ లేదు. పొద్దున డబ్బా చేతికిస్తూ అత్తగారు మరీ మరీ చెప్పింది, “నీకు దండం పెడతానే తల్లీ, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చో” అని.

“నాకు మాత్రం వెయ్యట్లేదా? అందరికీ వేస్తోంది కాబట్టే అందరం కలిసి లేస్తున్నాం,” అంది జేబక్క. “వాచ్‌మన్ బాబాయి కూడా మనవైపే. మిషన్ల మోత ఆగిందంటే చాలు, తాళం తీసేస్తానన్నాడు.”

వెనకనుంచి గుండీల పిన్ని దగ్గి, “నలుగురితో చావు పెళ్ళితో సమానం పిల్లా. లే,” అంది.

“కాస్త శుభం పలుకు పిన్నీ!” అని కసిరింది జేబక్క. తలలు వంచుకునే ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వుతో కాలరుకి సగం భయం తీరిపోయింది. ఇన్నాళ్లూ తను ఓడిపోయింది నోటి వల్ల కాదు, పక్కన ఇలాంటివాళ్లు లేక.

ఎదురుగా గోడ మీద ఎర్రరంగు అక్షరాలు: ‘సూది విరిగినప్పుడు, కరెంటు పోయినప్పుడు, ఓనరు గారు వచ్చినప్పుడు తప్ప మిషన్ ఆపరాదు.’

“నాలుగోది ఇవాళ మనం రాద్దాం,” అంది జేబక్క.

పెద్దముల్లు పన్నెండు మీదకి రాగానే కాలరు మిషన్ ఆపి లేచి నిలబడింది.

గోడ కింద బల్ల దగ్గరున్న సూపర్‌వైజర్ తలెత్తాడు. “ఏంటి, సూది విరిగిందా?”

“లేదు సార్. తలుపు తాళం తీయించండి. తీసేదాకా మేం కుట్టం.”

“మేమా?” అతను లేచొచ్చి ఆమె భుజం మీదుగా వెనక్కి తొంగి చూశాడు. “నాకు ఒక్కదానివే కనిపిస్తున్నావు?”

మిషన్లు మోగుతూనే ఉన్నాయి. కాలరు ఓరగా చూసింది. జేబక్క కళ్లు జేబు మీదే ఉన్నాయి. కాలు పెడల్ మీదే ఉంది.

“కూర్చో. నువ్వేం అనలేదు, నేనేం వినలేదు,” అన్నాడు సూపర్‌వైజర్.

అత్తగారి ముఖం గుర్తొచ్చింది. మోకాళ్లు వంగాయి కూడా.

అప్పుడు చిట్టచివరి వరసలో ఒక స్టూలు కిర్రుమంది. తర్వాత ఇంకొకటి. మిషన్లు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. గుండీల పిన్ని దగ్గు ఈసారి లేచి నిలబడిన మనిషి ఎత్తునుంచి వినిపించింది. ఆఖరికి పక్కన జేబక్క కూడా లేచింది. హాలంతా నిశ్శబ్దం. మెడ మీద చల్లగాలి తగిలింది. వాచ్‌మన్ బాబాయి తాళం తీసేశాడు!

కాలరుకి కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనుషుల్ని అనుమానించినందుకు సిగ్గేసింది. ఎక్కడలేని బలం వచ్చింది.

“ఇప్పుడు కనిపిస్తున్నామా సార్?” అంది గొంతెత్తి. “మీరెందుకు లెండి, మీ ఓనరునే అడగండి! కన్నకూతుర్ని ఈ హాల్లో కూర్చోబెట్టి బయట తాళం వేస్తాడా? మా ప్రాణాలు ఆయనకి చొక్కా గుండీకి సాటి రావా? మనిషేనా ఆయన? నన్ను తీసేస్తారా, తీసేయండి. నలభై రెండు మందినీ తీసేయండి, చూద్దాం!”

సూపర్‌వైజర్ ముఖం పాలిపోయింది. చెవి మీది పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆమెకి ఒకరు దండం పెట్టడం ఇదే మొదలు. గెలిచేశామనుకుని, జేబక్కని వాటేసుకుందామని వెనక్కి తిరిగింది.

తలుపు వైపు తిరిగి చేతులు కట్టుకు నిలబడిన నలభై ఒక్కమందీ ఒక్క గొంతుతో అన్నారు:

“నమస్కారం ఓనరు గారూ!”