నమ్మదగిన కార్బురేటర్

ఆదివారం పొద్దున మాదాపూర్‌లో కాఫీ షాపు ముందు పాత ఇంగ్లిషు మోటారుసైకిళ్ళు వరసగా నిలబడ్డాయి. వాటి పక్కన యజమానులు, ఎండాకాలంలో తోలు జాకెట్లు తొడుక్కుని, బండ్లకన్నా బిగుసుకుని నిలబడ్డారు.

నరేందర్ ఒక్కో బండి దగ్గర వంగి కార్బురేటర్ చూస్తున్నాడు. కొన్ని వారాలుగా ఇదే పని. మేనమామ వాడిన ఇంగ్లిషు బండి ఇంట్లో ఉందనీ, దానికి నమ్మదగిన కార్బురేటర్ వెతుకుతున్నాననీ చెప్పగానే అందరూ పోటీపడి పాఠాలు చెప్పారు. వింటుంటే అతనికి నవ్వొచ్చేది. వీళ్ళకు బండి తుడవడమే వచ్చు.

మొదటి బండి కింద పెట్రోలు బొట్టుబొట్టుగా కారుతోంది. యజమాని రవికిరణ్ దాన్ని చూసి మురిసిపోతున్నాడు. అసలైన ఇంగ్లండు కార్బురేటర్ కారాల్సిందేనట. కారకపోతే నకిలీదట. కొడుకు పక్క తడిపినా వంశలక్షణం అని సంబరపడే రకం, అనుకున్నాడు నరేందర్.

రెండో బండికి జంట కార్బురేటర్లు. ఒకటి తూర్పుకు లాగితే ఇంకొకటి పడమరకు. యజమాని మధుకర్ దాన్ని నానక్‌రామ్‌గూడ నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి, సందు మలుపులో దింపించుకుని, అక్కణ్ణుంచి మాత్రం హెల్మెట్ పెట్టుకుని దర్జాగా వచ్చాడు. నరేందర్ కళ్ళారా చూశాడు.

ఆగిపోయే బండి అంటే అతనికి ఒళ్ళుమంట. పోయిన ఏడాది ఫ్లైఓవర్ మీద అలాంటిదే ఒకటి మొరాయించింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. నలుగురిలో పరువు పోయింది. ఆ తర్వాత చాలాకాలం బయట తిరగలేకపోయాడు.

చివరన ఉన్నది ఉదయ్ భాస్కర్‌ది, అరవైల నాటి ట్రయంఫ్. ఆయన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద అధికారి. పాతది పీకేసి జపాన్ కార్బురేటర్ వేయించాడు. ఆ పాపానికి మిగతావాళ్ళు ఆయన్ని వెలివేసినట్టు చూస్తున్నారు.

"వేడి మీద ఆపితే మళ్ల లేస్తదా సార్?" నరేందర్ అడిగాడు.

"ఒక్క కిక్కు చాలండి."

"అందరు గదే అంటరు."

ఉదయ్ భాస్కర్ మొహం ఎర్రబడింది. "మాటలెందుకండీ, మీరే నడిపి చూడండి," అంటూ తన హెల్మెట్ కూడా చేతిలో పెట్టాడు.

ఇంత చదువుకున్నా ఒక్క మాటకే రోషం పొడుచుకొస్తుంది, అనుకున్నాడు నరేందర్. హెల్మెట్ బిగించుకుని కిక్కు కొట్టాడు. బండి వెంటనే అందుకుంది. సిగ్నల్ దగ్గర కావాలనే ఆపి చూశాడు. మళ్ళీ ఒక్క కిక్కే. చందానగర్ మార్కెట్ రద్దీలో కూడా ఇంజను తడబడలేదు.

లింగంపల్లి కూడా దాటాక నరేందర్ మనసులోనే ఉదయ్ భాస్కర్‌కు దండం పెట్టుకున్నాడు. దారిలో మోసం చేయని బండిని కొట్టేయడం అతనికి ఇదే మొదటిసారి.